షహీరాకు సన్మానం

నర్సుల దినోత్సవం. విశ్రాంతి విలువ బోధించడానికి, రాత్రి డ్యూటీ దిగిన మమ్మల్ని ఇళ్లకు పోనివ్వకుండా నైలు ఒడ్డునున్న మా ఆసుపత్రి హాల్లో కూర్చోబెట్టారు.

"డాక్టరుగారూ, పన్నెండింటికి నా ఐసీయూ శిక్షణ పరీక్ష. మీరు అనుమతిస్తే వెళ్తాను," అంది షహీరా.

"సన్మానం నీకే తల్లీ! అతిథి కాఫీ ముగించకముందే లేస్తే మన పరువేం కాను? కూర్చో," అన్నాడు డైరెక్టర్ ముంతసిర్.

అతిథి తీరిగ్గా వచ్చాడు. మమ్మల్ని దేవదూతలన్నాడు. రెండో కాఫీ కూడా తాగాడు.

ఒంటిగంటకు డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "మా ఉత్తమ నర్సుకు కానుక... ఐసీయూ శిక్షణ పరీక్ష రాయడానికి అనుమతి!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

షహీరా మైకు అందుకుంది. "పరీక్షను కూడా ఇక్కడే కూర్చోబెట్టాల్సింది డాక్టరుగారూ. దానికీ ఓ కాఫీ పోసేవాళ్లం."