రోబోలు ఏమన్నాయి?

“తాతా! కొంచెం సేపు నోరు మూసుకోని కూసోలేరా?”

మంజుశ్రీ గట్టిగానే అరిచింది. నాగేశప్ప ఆమె వైపు చూసి, తల ఊపి నవ్వాడు. మరుక్షణం టీవీలోని ఎర్ర రోబోను చూపిస్తూ మళ్లీ మొదలుపెట్టాడు.

“ఇప్పుడు చూడండి నాయనా, ఎర్రన్న యాడికి పోతా ఉండాడో!”

చాప మీద ముప్పైమంది పిల్లలు టీవీనీ తాతనూ మార్చి మార్చి చూస్తున్నారు.

మూకండపల్లిలో ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకునే సెంటర్ అది. మంజుశ్రీ దాని ఇన్‌ఛార్జి. మధ్యాహ్నం షిఫ్టు మారే ఆ గంటసేపు పిల్లలు కుదురుగా కూర్చునేది ఈ రోబో కార్టూన్ ముందే. ఇప్పుడు దానిమీదే గొడవ.

“అది కార్టూనా మేడమ్? బొమ్మలు అమ్ముకునేదానికి తీసిన అడ్వర్టైజ్‌మెంటు. ఎప్పుడు చూసినా తన్నుకునేదే!” అని సురేష్ అనే తండ్రి పంతం పట్టాడు. చూపించవచ్చో లేదో సోమవారంలోగా రాసిమ్మని పైవాళ్లు ఆమె నెత్తిన పెట్టారు.

కార్టూనేమో హిందీలో వస్తుంది. ఆమెకు హిందీ అంతంతమాత్రం. చెవులు రిక్కించి విందామంటే ఈ ముసలాయన గొంతు! మనవరాలు భువనను దింపి ఇంటికి పోవచ్చు కదా? పోడు. గోడకు ఆనుకుని కూర్చుని రోజూ ఇదే రొద. తనకు హిందీ వచ్చని పదిమందికీ చూపించుకోవాలి కాబోలు.

ఆమె విసిగిపోయి, పెన్ను పక్కన పడేసి, కొడుకు రక్షిత్‌నే అడిగింది.

“కథ ఏందిరా?”

“ఎర్రన్న కోపంలో నీలన్న చెయ్యి ఇరగ్గొట్టేసినాడమ్మా. మళ్లీ వాడే ఏడిసినాడు. నా చెయ్యి పెట్టుకో అన్నా అని పీకి ఇచ్చేసినాడు.”

“తర్వాత?”

“ఇప్పుడు ఇద్దరికీ కలిపి మూడు చేతులే కదా. ఒకరికొకరు అన్నం తినిపించుకుంటారు.”

మంజుశ్రీ మనసు మెత్తబడింది. పక్క పిల్లల్ని కొరికి కొరికి పేరు తెచ్చుకున్న వీడు, రెండు నెలలుగా ఎవరినీ కొరకలేదు.

అప్పుడే రాసేసింది: “ఈ కార్టూన్ పిల్లలకు తగినదే. తప్పు ఒప్పుకోవడం, పంచుకోవడం నేర్పుతోంది.”

దానికిందే, అదే ఊపులో ఇంకో మాట: “పిల్లలతో వచ్చే పెద్దవాళ్లు గేటు దగ్గరే ఆగాలి.”

సోమవారం వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. నాగేశప్ప కాసేపు నిలబడి లోపలికి చూశాడు. భువనను లోపలికి పంపి వెళ్లిపోయాడు.

గురువారానికల్లా సెంటర్ రణరంగమైంది. ఒకడు తంతాడు, ఇంకొకడు గుద్దుతాడు. రక్షిత్ భువన చెయ్యి కొరికాడు. సురేష్ కన్ను వాచిన కొడుకును తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు.

“తగినదే అని రాసిస్తిరి కదా మేడమ్! చూడండి!”

మంజుశ్రీకి దిక్కు తోచలేదు. నాలుగు రోజుల్లో ఏం పుట్టింది వీళ్లకు? కొడుకు జబ్బ పట్టుకుని కుదిపింది.

“ఎందుకురా కొరికినావు? నీలన్న అట్లా చేస్తాడా?”

“వాళ్లు ఏం మాట్లాడుకుంటారో మాకేం తెలుసమ్మా?” వాడు ఏడ్చేశాడు. “తాత లేడు కదా. కొట్టుకునేదొకటే కనపడతాది.”

ఆమె వాడి జబ్బ వదిలేసింది. సాయంత్రం సెంటర్ మూసీ మూయకముందే నాగేశప్ప ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ఆయన కోడలు తమిళ్‌సెల్వి వాకిట్లో బియ్యం ఏరుతోంది.

“మామ లేడమ్మా. ఈడ నాకింకేం పని అని ఊత్తంగరైకి కూతురింటికి పోయినాడు. ఇంక రాను, పిలవద్దండి అనేసినాడు.”

“తప్పు నాదేనమ్మా,” అంది మంజుశ్రీ. “ఎట్లన్నా చేసి పిలిపించు. టీవీలో వాళ్లు చెప్పే హిందీని అంత బాగా తెలుగులో చెప్పేవాళ్లు మాకు యాడ దొరుకుతారు?”

తమిళ్‌సెల్వి చేట కింద పెట్టి ఆమెను వింతగా చూసింది.

“హిందీ యాడిదమ్మా? క్వారీలో రాళ్లు పేల్చి పేల్చి మామకు చెవులు పోయి ఇరవై ఏండ్లాయె, టీవీలో మాట ఒక్కటీ ఆయనకు వినపడదు.”