శుక్రవారం కబురు

"డేగను ఎక్కడ దాచారు తాతా? మర్యాదగా చెప్పండి!"

గుర్రం దిగకముందే మర్జాన్ అలా అడిగేసరికి, ఖుర్మాన్ తాత చేతిలోని గడ్డిమోపు జారిపోయింది. పదేళ్లు తోడుగా వేటాడిన డేగను కొండల్లోకి వదిలేయాలి. తాతల నాటి కట్టుబాటు అది. తన డేగ ఖరాగోజ్‌ను ఆయన పోయిన వసంతంలోనే వదిలేశాడు. డేగలు చలికాలం ఎక్కడ గడుపుతాయో కనిపెట్టే ఉద్యోగం ఈ పిల్లది. వదిలే ముందు దాని వీపుకి అగ్గిపెట్టెంత యంత్రం కట్టింది కూడా ఈమే.

"వదిలిన పిట్టను మళ్లీ పట్టి కట్టేసేంత నీచుణ్ణా నేను?" తాతకు ఒళ్లు మండింది.

"మరి ఇదేంటి?" మర్జాన్ ఫోన్ చూపించింది. "అక్టోబరులో సరిహద్దు దాటి దక్షిణానికి పోయింది. డిసెంబరులో తిరిగొచ్చింది. అప్పట్నుంచి పొద్దున మీ మంద మేసే గుట్ట, సాయంత్రం మీ ఇల్లు. అడవిలో బతికే డేగ ఇలా తిరుగుతుందా?"

"ప్రతి శుక్రవారం నువ్వు ఫోన్ చేసి 'దగ్గర్లోనే ఉంది తాతా' అంటుంటే, ఆకాశం చూసీ చూసీ మెడ పట్టేసింది పిల్లా. దానికి తోడు ఈ టోపీ బరువొకటి. దిష్టి తగులుతుందని మా ముసల్ది గుడ్లగూబ ఈకలు కుట్టి పెట్టింది. ఈ వయసులో నాకు దిష్టేమిటో!"

మర్జాన్ నవ్వలేదు. ఆ యంత్రం దగ్గర్లో ఉంటే కూత పెట్టే యాంటెన్నాను సంచిలోంచి తీసింది. అది కీచుమంది.

తాత తలెత్తి చుట్టూ చూశాడు. అంటే ఇక్కడే ఉందా? దొడ్డిలోకి పరిగెత్తాడు, వెనకే యాంటెన్నాతో మర్జాన్. దొడ్డిలో కీచుమంది. కొట్టంలోకి వెళ్తే కొట్టంలో కీచుమంది. బయటికొస్తే బయట. ఎటు చూసినా గొర్రెలే తప్ప డేగ లేదు. ఆయనకు తల తిరిగిపోయింది.

"కోటు విప్పండి."

"ఈ చలిలోనా? డేగను చంకలో పెట్టుకు తిరుగుతున్నానంటావా?"

కోటులో ఏమీ లేదు. తాతకు ఏడుపొచ్చినంత పనైంది. నక్కతోలు టోపీ తీసి గోడ మీద పెట్టాడు.

"టోపీ తీసి ఒట్టేసి చెబుతున్నా. దాన్ని నేను పట్టలేదు. ఇల్లంతా వెతుక్కో పద."

నాలుగడుగులు వేశాడు. మర్జాన్ యాంటెన్నాను ఆయన వైపు తిప్పింది. చప్పుడు తగ్గింది. గోడ వైపు తిప్పింది. అది చెవులు చిల్లులు పడేలా కీచుమంది.

ఆమె టోపీ అందుకుని ఈకలు విడదీసింది. లోపల నల్లగా, అగ్గిపెట్టెంత యంత్రం.

ఇద్దరూ నోరు తెరుచుకుని చూస్తుండగా, పిండి చేతులతో ముసలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మీరు ఊళ్లోకి పన్ను పీకించుకోడానికి వెళ్లిన రోజు, ఖరాగోజ్ మన దొడ్డి గోడ మీదికే తిరిగొచ్చి ప్రాణం వదిలింది," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఈ పిల్ల శుక్రవారం ఫోన్ చేసి అది తిరుగుతోందని చెబితేనే కదా, మీరు నాలుగు ముద్దలు తినేది!"