ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అన్నాడు తండ్రి, బల్ల మీది ఫోనును కొడుకు వైపు నెట్టేస్తూ.

కొడుకు మొహం మాడిపోయింది. మూడు నెలలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, స్నేహితుడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి రికార్డు చేసిన మొట్టమొదటి ర్యాప్ పాట అది. శనివారం స్టేజీ మీద పాడాలి. ముందు తండ్రికి నచ్చాలి. ఆయనకు నచ్చకపోతే స్టేజీ ఎక్కేదే లేదని తల్లితో పొద్దున్నే చెప్పేశాడు.

తండ్రి అల్లాటప్పా మనిషి కాదు మరి. ముప్పై ఏళ్ళ కిందట, హిప్ హాప్ అంటే అదేదో తినే వస్తువేమో అని జనం అనుకునే రోజుల్లో, నడిరోడ్డు మీద అట్టపెట్టె పరిచి తల మీద బొంగరంలా తిరిగినవాడు. నడినెత్తిన జుట్టు ఊడింది అందువల్లేనని ఇప్పటికీ చెప్పుకుంటాడు. వాళ్ళ నాన్నదీ బట్టతలే అన్న సంగతి మాత్రం ఎత్తడు.

తర్వాత ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లాడు పుట్టాడు. ఇరవై ఆరేళ్ళుగా ప్రెస్సులో హోరుమనే పెద్ద మిషను పక్కనే నిలబడి కాగితాలు ఎక్కిస్తున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే చేతులకంటిన ఇంకు తోముకుని, పాత క్యాసెట్లు ముందేసుకుని కూర్చుంటాడు. కొడుక్కి ఏడేళ్ళప్పుడు భోజనాల బల్ల మీద చెంచాతో దరువు వేస్తూ, మాట ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో నేర్పింది ఆయనే.

కొడుకు పెద్దవాడయ్యాడు. కొత్త పాటలు ఇంట్లోకి వచ్చాయి. అప్పట్నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూలా తయారయ్యారు.

"మీవాళ్ళు పాడుతున్నారా, నోట్లో దూది కుక్కుకుని మూలుగుతున్నారా?" అనేవాడు తండ్రి.

"మీవాళ్ళు మాత్రం? పాడమంటే పాఠం చెప్తారు" అనేవాడు కొడుకు.

పాటల దగ్గర మొదలైన గొడవ మాటలకూ పాకింది. "మొహంలోకి చూసి మాట్లాడరా." "తల దించుకుని ఏంటా నసుగుడు?" పెద్దరికం ముదిరిపోయిందని కొడుకు విసుక్కునేవాడు. అయినా తీరా పాట రాయడానికి కూర్చుంటే కలంలోంచి వచ్చింది తండ్రే.

"నీ గోళ్ళలో ఇంకు, నా నోట్లో మాట
నువ్వేసిన దరువే నే నడిచే బాట"

ఈ రెండు ముక్కల దగ్గరైనా తండ్రి మొహం మారుతుందని ఇందాక ఆశగా చూశాడు. మారలేదు. ఆయన కళ్ళు చిట్లించి ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు, అంతే.

ఇప్పుడు లేచి వెళ్ళి, క్యాసెట్ల అర ముందు నిలబడి ఏదో వెతుక్కుంటున్నాడు.

"నీ గురించే రాశాను నాన్నా" అన్నాడు కొడుకు, ఆ వీపు వైపు చూస్తూ.

తండ్రి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కావలసిన క్యాసెట్ దొరికింది కాబోలు, తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతూ అంతా చూస్తూనే ఉంది.

"నా మాటే ఆయన చెవికెక్కి పదేళ్ళయింది. నీ పాట ఒక్కసారికే ఎక్కుతుందా? రేపు మళ్ళీ వినిపిద్దాంలేరా."

"ఎన్నిసార్లు వినిపించినా అంతేనమ్మా. బాగాలేదని చెప్పలేక అర్థం కాలేదన్నాడు. ఆయన నేర్పిందే నాకు రాలేదంటే, ఇంక రానట్టే."

ఫోను అందుకున్నాడు. "ఒరేయ్, వద్దురా!" అని తల్లి అనేలోపే పాట చెరిపేశాడు. స్నేహితుడి కంప్యూటర్లో ఉన్నదీ తీసెయ్యమని మెసేజి పెట్టాడు. నిజంగానా అని రెండుసార్లు అడిగి, ఆ స్నేహితుడూ తీసేశాడు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళవాడు, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తండ్రి గది తలుపు తీసే ఉంది. అయినా ఆయన బయటికి రాలేదు.

కాసేపటికి ఆ గదిలోంచి ఆయన గొంతు లేచింది. కొడుకు మొహం తుడుచుకుని వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

తండ్రి కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద స్పీకరు లేని చిన్న టేప్ ప్లేయరు, అందులో తిరుగుతున్న క్యాసెట్. పాటల మోతకు పక్కింటివాళ్ళు గోడ బాదుతుంటే పడలేక భార్య కొనిచ్చిన పెద్ద హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని పాడుతున్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోవడం లేదు. యాభై రెండేళ్ళ గొంతు పాతికేళ్ళదైపోయింది.

కొడుక్కి కోపం రావాలి. రాలేదు. ఈ మనిషి ఇంతగా ప్రేమించే పాటలో, తన పాటలో లేనిది ఏముందో ఒక్కసారి వినాలనిపించింది.

తండ్రి కళ్ళు తెరిచాడు. కొడుకును చూడగానే మొహం విప్పారింది.

"రారా, కూర్చో! ఇదిరా ర్యాప్ అంటే. ఒక్కో మాటా గంట కొట్టినట్టు ఎంత చక్కగా వినబడుతోందో నువ్వే విను!"

ఆ ప్లేయరుకు ఒకేసారి ఇద్దరు తగిలించుకుని వినొచ్చు. కొడుకు చిన్నతనంలో ఇద్దరూ అలాగే వినేవాళ్ళు. జేబులోంచి తన ఇయర్‌ఫోన్లు తీసి స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. తండ్రి మళ్ళీ కళ్ళు మూసుకుని, తొడ మీద దరువు వేస్తూ పాట అందుకున్నాడు.

పిన్ను గుచ్చబోయి చూస్తే, ప్లేయరుకున్న రెండు కన్నాలూ ఖాళీగానే ఉన్నాయి, తండ్రి చెవుల నుంచి దిగిన తీగ కుర్చీ కింద నేల మీద పడి ఉంది.