నూనె రాస్తే పోతారట!

"ఫాదర్ వద్దు, నూనె వద్దు. నన్నిలా వదిలెయ్యవే అక్కా!" అంటూ తమ్ముడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

అక్కకి ఒళ్లు మండిపోయింది. అరవై రెండేళ్ల మనిషి ఆస్పత్రి మంచం మీద, సూదికి జడిసిన పసివాడిలా ముసుగు తన్నడమేమిటి?

ఉదయం తొమ్మిదైంది. పదకొండింటికి గుండె ఆపరేషన్. బీపీ చూస్తే నూట ఎనభై దగ్గర తిష్ట వేసుకు కూర్చుంది. మాత్రలు వేశారు, దిగలేదు. ఇంజెక్షన్ చేశారు, దిగలేదు.

"ఇదంతా భయమేనమ్మా. పదిన్నరకల్లా నూట యాభైకి రాకపోతే ఆపరేషన్ ఆపేస్తారు. మళ్లీ తేదీ మూడు వారాలకి గాని దొరకదు," అని నర్సు చెప్పి వెళ్లింది. అన్నాళ్లు ఆ గుండె తట్టుకోదని పెద్ద డాక్టరు నిన్ననే తేల్చేశాడు.

అందుకే అక్క ఫాదర్ని పిలిపించింది. ఫాదర్ వచ్చి జపం చెప్పి, నుదుటికీ చేతులకీ పరిశుద్ధ తైలం రాస్తే రోగి మనసు కుదుటపడుతుందని ఆమె నమ్మకం. తమ్ముడి నమ్మకం ఇంకోటి. ఆ నూనె ఒంటికి తగిలిందా, ఇక శవపెట్టెకి కొలతలు తీసుకోవడమే!

"మేస్త్రీ గుర్తున్నాడా? నూనె రాసిన గంటకి పోయాడు," అన్నాడు దుప్పటిలోంచి. "పోస్ట్‌మాన్ తెల్లారేసరికి పోయాడు. మిల్లులో పనిచేసే ఆవిడైతే జపం పూర్తికాకముందే కన్నుమూసింది. ఎవరో చెప్తే విన్నవి కావు. నేను మంచం పక్కనే ఉన్నాను."

"కొనఊపిరితో ఉన్నప్పుడు పిలిస్తే పోక, లేచి పరుగులు తీస్తారట్రా? పిలవాల్సింది ముందు! అది చావుకి రాసే నూనె కాదు, జబ్బుమనిషికి రాసేది. ఈ ముక్క నీకు నేను చెప్పాలా?"

"నాకు తెలీదా?"

"తెలిస్తే మరేంటి నీ బాధ?"

"తెలిసిందంతా ఈ మంచం ఎక్కగానే ఎటో పోయింది."

అక్క కుర్చీలో కూలబడింది. బడిపిల్లల యూనిఫారాలు నలభై జతలు కుట్టుమిషను మీద సగంలో వదిలేసి, రెండు బస్సులు మారి వచ్చింది. వీడికి పెళ్లామా, పిల్లలా? తన చేతికే చిక్కాడు. తొమ్మిది రోజులు మోకాళ్లు కాయలు కాసేలా నవదిన ప్రార్థన చేసింది. జపమాల పూసలు అరిగేలా తిప్పింది. ఏం లాభం? పైనున్న ఆయన ఉలకడు, పలకడు. కిందున్న వీడు చెప్పిన మాట వినడు. ఇద్దరి మధ్యా నలిగి చచ్చేది తను.

"ఊరందరికీ ధైర్యం చెప్పే నోరు కదరా నీది! దేవుడి మీద భారం వెయ్యండి, దేవుడి మీద భారం వెయ్యండి అని చెవులు చిల్లులు పడేలా చెప్తావు. నీ వంతు వచ్చేసరికి ఆయన మొయ్యలేడా?"

తమ్ముడు దుప్పటిని ఇంకాస్త బిగించుకున్నాడు.

పదింటికి నర్సు వచ్చి మళ్లీ బీపీ చూసింది. నూట ఎనభై ఐదు. పెదవి విరిచి వెళ్లిపోయింది.

ఇక అక్క వల్ల కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు మాత్రం భయం లేదనుకున్నావా? ఆ దేవుడి మీద ఎంత కోపంగా ఉందో తెలుసా నీకు? పొద్దున్నే కింద ప్రార్థన గదిలో ఆయన్ని నిలబెట్టి కడిగేశాను. అమ్మని తీసుకున్నావు, మా ఆయన్ని తీసుకున్నావు, వీణ్ణి కూడా లాక్కున్నావంటే ఇక నీ గడప తొక్కనన్నాను. అంతా అనేసి, మళ్లీ ఆయన కాళ్లే పట్టుకున్నాను. ఇంకెవరున్నార్రా మనకి?"

దుప్పటి మెల్లగా కిందికి జారింది. తమ్ముడి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"చచ్చేంత భయంగా ఉందే అక్కా. ఈ మాట నేను ఎవరితో అనగలను? విన్నవాళ్లు ఏమనుకుంటారు?"

"నేను లేనా? నాతో చెప్పడానికేం రోగం?"

"చెప్పానుగా ఇప్పుడు," అని ముక్కు తుడుచుకున్నాడు. "సరే. రమ్మను."

మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని అక్క నడవలోకి ఒక్క పరుగు తీసింది. గంట నుంచీ బెంచీ మీద కూర్చున్న ఫాదర్ని రెక్క పట్టుకు లాక్కొచ్చినంత పని చేసింది. మొన్నమొన్ననే చదువు ముగించుకుని వచ్చిన కుర్ర ఫాదర్ ఆయన. తమ్ముణ్ణి చూడగానే కంగారుపడ్డాడు. జపాల పుస్తకంలో కావలసిన పేజీ దొరక్క తంటాలు పడ్డాడు.

"నూట పన్నెండో పేజీ, బాబూ," అన్నాడు తమ్ముడు నీరసంగా.

జపం అయింది. నుదుటి మీద నూనె పడింది. తమ్ముడు ఊపిరి బిగబట్టి పడుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూశాడు.

"బతికే ఉన్నావులే," అంది అక్క.

తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు. ఆ ఏడుపులోనే ఒళ్లు తేలికపడి దిండు మీద వాలాడు.

నర్సు వచ్చి చేతికి పట్టీ చుట్టింది. పదిన్నరకి ఇంకా రెండు నిమిషాలున్నాయి. అక్క ఆ అంకెల వంక చూడలేక గోడ వైపు తిరిగింది.

"నూట నలభై ఎనిమిది! చాలమ్మా, తీసుకెళ్లిపోదాం," అని నర్సు స్ట్రెచర్ కోసం కేకేసింది.

"ఒక్క నిమిషం. చేతులు మిగిలాయి," అన్నాడు కుర్ర ఫాదర్.

తమ్ముడు రెండు అరచేతులూ ముందుకి చాపాడు.

కుర్ర ఫాదర్ వాటిని మెల్లగా బోర్లా తిప్పి వెనక వైపున నూనె రాశాడు, ఆ అరచేతులకి ముప్పై నాలుగేళ్ల కిందట తమ్ముణ్ణి ఫాదర్‌గా అభిషేకించిన రోజునే బిషప్ గారు రాసేశారు కదా.