మూల చూడల్ల సామీ

“చీరలు మాకొద్దప్పా!”

ఓరకంట మూట చూసి, తల ఎత్తకుండానే అన్నాడు రామదాసు.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఓబిలేష్ ఫోటో స్టూడియో అది. కౌంటరు మీద రామదాసు ముందు రెండు కెమెరా లెన్సులున్నాయి. గడపలో ఒక ముసలాయన గుడ్డమూట చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మనీక రాలేదు సామీ. ఫోటో దిగనీక వచ్చినా. పింఛను కాగితాలకు కావల్లంట.”

రామదాసుకు సిగ్గేసింది. “ఏమనుకోవద్దు పెద్దాయనా,” అంటూ తన పక్కనున్న స్టూలు ఆయన వైపు జరిపాడు.

“కరెంటు లేదు తాతా. వచ్చేదాకా కూర్చో,” అన్నాడు ఓబిలేష్. తర్వాత రామదాసు వైపు తిరిగాడు. “సార్, మూడు టీలయినాయి. ఏదో ఒకటి తేల్చండి. లేదంటే ఈడనే మంచం వేయిస్తా.”

తేలితే కదా!

ఒకటి ఇరవైనాలుగు–డెబ్బై మిల్లీమీటర్ల లెన్సు. వెలుతురు తక్కువున్నా చక్కగా తీస్తుంది గానీ బరువు. రెండోది ఇరవైనాలుగు–నూటైదు. తేలిక. దూరాన ఉన్నదాన్ని ఇంకాస్త దగ్గరికి లాగుతుంది. రిటైరైన లెక్చరరు కొనగలిగింది ఒక్కటే. ఎల్లుండే ప్రయాణం.

“యాడికి పోతాండారు సామీ?” అడిగాడు ముసలాయన.

“కంచి. తర్వాత ఆరణి. మగ్గాలున్న ఊర్లు.”

“కంచికి నేనూ పోయింటి. నాలుగేండ్లుండి వచ్చేసినా. ఆడి సాంబారు నాకు పడలే.”

“ఏం పని మీద పోయినారు?”

“ఇదే పని,” అని ముసలాయన మూట తట్టాడు.

చీరలమ్మేవాళ్లు ఎంత దూరం తిరుగుతారో, అనుకున్నాడు రామదాసు. తన సంగతి మాత్రం చెప్పలేదు. భార్య హేమావతి ముచ్చట కొత్తవాళ్ల దగ్గర ఎత్తడం ఆయనకు చేతకాదు.

హేమావతి పెళ్లిచీర కొంగు మూలన గోరంత పచ్చచిలుక ఒకటుంది. మెడ వెనక్కి తిప్పి చూస్తుంటుంది. “ఇది ఎందుకు ఎనక్కి చూస్తాందో, నేసినాయన్ని అడగల్ల,” అనేది ఆమె, ఆ చీర కట్టిన ప్రతిసారీ. అడగకుండానే రెండేళ్ల కింద కన్నుమూసింది.

ఆమె బదులు తానైనా అడగాలని రామదాసు ధర్మవరం నాలుగుసార్లు తిరిగాడు. అట్లాంటి చిలుక వేసే ఆయన ఎప్పుడో కంచికి వలస పోయినాడు, తర్వాత సంగతి తెలీదన్నారు అక్కడివాళ్లు. దొరికితే ఆయన్నీ ఆయన మగ్గాన్నీ ఫోటో తీయాలి. దానికే ఈ లెన్సు.

“రెండిట్లోనూ తీసి చూడరాదా సామీ?”

ముసలాయన లేచి మూట విప్పాడు. గోధుమరంగు పట్టుచీర. కొంగు తెరిచి గోడకు ఆనించి బిగించి పట్టుకున్నాడు.

“ఈ జరీ అంచు గీత గీసినట్టుంటాది. మీ అద్దంలో వంకర పోతే తప్పు అద్దానిది. చీరది కాదు.”

ఓబిలేష్ పకపకా నవ్వాడు. “ఇరవై ఏండ్లుగా లెన్సులు అమ్ముతాండా. ఈ పరీక్ష నాకు తట్టనే లేదే తాతా! రేపటినుంచి కౌంటర్లో కూర్చుంటావా?”

“టీ ఎన్నిసార్లు ఇస్తావు?”

“ఈ సారుకు ఇచ్చినన్ని!”

రామదాసు నవ్వుతూనే కెమెరాకు కన్ను ఆనించాడు. “పెద్దాయనా, మీరు అడ్డమొస్తున్నారు. కొంచెం పక్కకు జరగండి.”

ముసలాయన ఒదిగి పక్కకు జరిగాడు. కొంగు కొసను పట్టుకున్న వేళ్లు మాత్రం మిగిలాయి.

ఒక్కో లెన్సుతో ఒక్కో ఫోటో తీశాడు.

నూటైదు లెన్సులో అంచు విల్లులా కాస్త వంగింది. డెబ్బైలో నిటారుగా ఉంది.

“నడుమ రెండూ బాగానే ఉన్నాయే,” అన్నాడు రామదాసు, ఇంకా తేల్చుకోలేక.

“నడుమ యాడైనా బాగుంటాది. మూల చూడల్ల సామీ.”

“ఇంత చిన్న తెర మీద మూల నాకు ఆనదు. కరెంటు రానీ, కంప్యూటర్లో చూద్దాం.”

“కరెంటు వచ్చేసరికి నా బస్సు పోతాది. ఫోటోకు ఇంకో దినం వస్తాలే.”

పాత మడతల మీదే చీర మడిచి మూట కట్టుకున్నాడు. గడప దాటబోతూ మెడ తిప్పి వెనక్కి చూశాడు.

“ఏం తాతా, ఏమన్నా మర్చిపోయినావా?” అన్నాడు ఓబిలేష్.

“లేదప్పా. మా ఆడమనిషి ఎప్పుడూ నా ఎనకాలే నడిచేది. వస్తాందా లేదా అని చూసి చూసి అలవాటైపోయింది.”

“ఇప్పుడు యాడుండాది అవ్వ?”

“పోయి పదేండ్లు. ఈ మెడకు తెలీదు గదా!”

నవ్వుకుంటూ ఎండలోకి దిగిపోయాడు.

రామదాసు కూడా నవ్వబోయి, ఎందుకో తన వెనక్కి ఒకసారి చూసుకున్నాడు.

ధర్మవరం బస్సు హారన్ కొట్టుకుంటూ వీధిలోంచి పోయింది. ఇంకో పావుగంటకు ఫ్యాను తిరిగింది.

ఓబిలేష్ కెమెరా కార్డు కంప్యూటర్లో పెట్టాడు. “ముసలాయన చెప్పినట్టే మూల చూద్దాం సార్.”

నూటైదు లెన్సు ఫోటోను పెద్దది చేశాడు. కొంగు మూలన పచ్చగా ఏదో అలుక్కుపోయినట్టుంది.

“మరకేమో సార్. పాపం, ఆయన చూసుకున్నాడో లేదో.”

“రెండోది పెట్టు.”

డెబ్బై లెన్సు తీసిన మూల దారం దారమూ తేటగా వచ్చింది: ముసలాయన వేళ్ల పక్కనే గోరంత పచ్చచిలుక ఒకటి, మెడ వెనక్కి తిప్పి, ఎవరికోసమో చూస్తోంది.