గోతిలో దయ్యం

చిట్టడవిలో ఒక చెవులపిల్లి ఉండేది. పాత గోతుల్లో దయ్యాలు కాపురముంటాయని అమ్మమ్మ చెప్పిన మాట దానికి వేదం.

ఒక పొద్దున మేతకు వెళ్తుంటే దారిలో ఒక పాత గోతిలోంచి మూలుగు వినిపించింది. "అమ్మో, దయ్యం!" అని కేక పెట్టి పారిపోయింది. ఆ సంగతి తెలిసి అడవిలో ఎవరూ అటు పోలేదు. ముంగిస మాత్రం, "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు, గాలి హోరు" అని నవ్వి తన దారిన తాను పోయింది.

మూడో రోజు చెవులపిల్లి దయ్యాన్ని శాంతింపజేద్దామని గరిక కరుచుకుని వెళ్లి, వణుకుతూ తొంగి చూసింది. అడుగున ముసలి తాబేలు వెల్లకిలా పడి ఉంది. గబగబా గట్టును ఏటవాలుగా తవ్వి, దాన్ని తిరగేసి పైకి తెచ్చింది.

"చల్లగా ఉండు తల్లీ!" అంది తాబేలు. "ఆకలికి ఓర్చుకున్నాను గానీ, మొన్నెవరో పైనుంచి దయ్యమని అరిచారు. అది నా పక్కనే ఉంది కాబోలని హడలిపోయాను. వింటుందేమోనని సాయానికి పిలవడం కూడా మానేశాను."

చెవులపిల్లి చెవులు వాలిపోయాయి.

"అరిచింది నేనే, అత్తా" అంది తలెత్తకుండా.

తాబేలు మెల్లగా తల డొప్పలోకి లాక్కుంది. అది మళ్లీ బయటికి వచ్చేదాకా చెవులపిల్లి అక్కడే నిలబడి ఉంది.