శెనక్కాయ పొట్టు

“ఏమిటీ చెత్త?”

పిల్లలకు మంచి తిండి గురించి నేర్పడానికి టౌను నుంచి వచ్చిన మేడం, హేమావతి గౌను జేబులోని వేయించిన శెనక్కాయలన్నీ బల్ల మీద గుమ్మరించింది.

“మా అమ్మ చేన్లో ఏరకొచ్చింది మేడం. పొద్దున నా తిండి అవే,” అంది ఐదేళ్ల పిల్ల.

“పిత్తం చేస్తుంది. ఇంకెప్పుడూ తేకు.”

మేడం గోడకు పటం తగిలించింది. బాదం, ఆపిల్, మా కుందుర్పి సంతకు ఎన్నడూ రాని పచ్చపండు ఏదో. నేను అంగన్‌వాడీ ఆయాను, చీపురు పట్టుకుని మూలన నిలబడ్డాను.

ఆమె నోరు బాదం గొప్ప చెబుతోంది. చెయ్యి మాత్రం ఒక కాయ ఒలిచింది. తర్వాత ఇంకొకటి. పిల్లలు పటం వదిలేసి ఆ చెయ్యినే చూస్తున్నారు.

“ఇప్పుడు చెప్పండి. బలమిచ్చే తిండి ఏది?”

“శెనక్కాయలు!” ఇరవై గొంతులు ఒక్కసారే.

“ఎవరు చెప్పారు మీకు?”

“నువ్వే తింటాండావు కదా మేడం,” అంది హేమావతి.

మేడం బల్ల వైపు చూసింది. పొట్టు తప్ప ఏమీ లేదు.

“ఊడ్చెయ్,” అంది నాతో.

“ఊడుస్తాలే తల్లీ. ఆ పిల్ల ఆకలితో ఉండాది. ముందు నీ పటంలోంచి ఏదన్నా తీసియ్యి.”